నోయిర్ అంటే లైట్లు ఆర్పేయడం కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్. "అన్నా, నోయిర్ షార్ట్ ఫిల్మ్ ఒకటి తీశాం. ఫుటేజ్ కొంచెం చీకటిగా వచ్చింది. డీఐలో లాగేయొచ్చు కదా?" గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నోయిర్ అంటే నేరం, మోసం, గాఢమైన నీడలతో నడిచే సినిమా తరహా. డీఐ అంటే షూట్ అయ్యాక కంప్యూటర్లో వెలుగూ రంగులూ సరిదిద్దడం. కూకట్‌పల్లిలో ఫ్రెండ్ ఫ్లాట్‌లో రెండు రాత్రులు షూట్ చేశారట. కెమెరా అద్దె, లెన్సుల అద్దె, అందరికీ బిర్యానీలు... జేబులు ఖాళీ. మర్నాడు హార్డ్ డిస్క్ పట్టుకొచ్చాడు. పెట్టి చూస్తే సోఫాలో హీరో ఉన్నాడో లేడో ఆ సోఫాకే తెలియాలి. వెలుగు కాస్త పైకి లాగగానే ముఖమంతా చీమలు పాకినట్టు చుక్కలు, అదే నాయిస్.

పదిహేనేళ్లుగా కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. ఇలాంటి డిస్కులు ఏడాదికి నాలుగైనా నా దగ్గరికి వస్తాయి. పిల్లల్ని తిట్టబుద్ధి కాదు. "తక్కువ లైటు, తక్కువ ఖర్చు, అదే నోయిర్" అని ఏదో వీడియోలో ఎవడో చెప్పాడు, వీళ్లు నమ్మారు. ఆ చెప్పినవాడి మీదే నా కోపమంతా.

అపోహ: నోయిర్ అంటే చీకటి. లైట్లు తగ్గించి తీసి, తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసేస్తే చాలు.

1944లో బిల్లీ వైల్డర్ తీసిన డబుల్ ఇండెమ్నిటీ చూడండి. ఇన్సూరెన్స్ ఏజెంట్ వాల్టర్ నెఫ్, కారు పాలసీ రెన్యూవల్ కోసం ఒకింటికి వెళతాడు. ఆ ఇంటి ఇల్లాలు ఫిలిస్ మీద మనసు పడతాడు. చివరికి ఆమె మొగుణ్ణి చంపి పాలసీ డబ్బు కొట్టేసే పథకంలో తనే దిగుతాడు. ప్రేమ, హత్య, ఇన్సూరెన్స్ క్లాజు మూడూ ఒకే ముడి. నోయిర్ అనగానే ఎవరైనా ముందు చెప్పే పేరు ఇదే. మరి వాళ్లిద్దరూ మొదటిసారి కలిసేది ఎప్పుడు? పట్టపగలు. బయట కాలిఫోర్నియా ఎండ మండిపోతుంటుంది. కిటికీ బ్లైండ్స్ సందుల్లోంచి ఆ ఎండ హాల్లోకి చారలు చారలుగా దిగుతుంది. ఆ చారల్లో దుమ్ము తేలుతుంటుంది. మామూలు దుమ్ము కెమెరాకు ఆనదు కాబట్టి, కెమెరామన్ జాన్ సైట్జ్ సన్నటి అల్యూమినియం పొడిని గాల్లోకి వదిలాడు.

ఇందులో లైటు తక్కువ ఎక్కడుంది? అప్పటి ఫిల్మ్ స్పీడు, అంటే వెలుగుని పట్టే శక్తి, ఇప్పటి కెమెరాలతో పోలిస్తే చాలా తక్కువ. ఆ "చీకటి" సీన్లకి కూడా పెద్ద పెద్ద లైట్లే వెలిగించాలి. వాళ్లు లైటు తగ్గించలేదు, ఎక్కడ పడకూడదో అక్కడ పడకుండా కోశారు. ముఖానికి ఎక్స్‌పోజర్ సరిగ్గా ఇచ్చి, వెనక గోడని నల్లగా వదిలేశారు. మనవాళ్లు ముఖాన్నీ గోడనీ కలిపి చీకట్లో ముంచుతున్నారు. కెమెరాలో రికార్డు కాని ముఖాన్ని డీఐ చేసే కలరిస్ట్ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇక ఆ చారల సంగతి. లైటుని మెత్తగా పరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్ ముందు బ్లైండ్ పెట్టి "చారలు రావట్లేదన్నా" అంటారు. రావు. సాఫ్ట్ లైటు నీడని కరిగించేస్తుంది. నీడని పదునుగా వేసే చిన్న హార్డ్ సోర్స్ కావాలి, ఒక్క ఫ్రెనెల్ (ముందు గాజు లెన్సు ఉండే సినిమా లైటు) చాలు. దాన్ని బ్లైండ్‌కి వీలైనంత దూరంగా పెట్టాలి. బ్లైండ్‌ని నటుడికీ గోడకీ దగ్గరగా జరపాలి. నేనూ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో బ్లైండ్‌ని లైటు మూతికే వేలాడదీసి, నీడ మసకబారిందని లెన్స్‌ని తిట్టుకున్నవాణ్ణే. మా సీనియర్ లైట్‌మన్ ఏమీ అనకుండా లైటు స్టాండుని పన్నెండడుగులు వెనక్కి ఈడ్చుకెళ్లాడు. చారలు గోడ మీద గీత గీసినట్టు నిలబడ్డాయి.

నిజానికి ఆ చారలు నాకు సినిమా చూపించినవి కావు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో వసారాకి వెదురు తడకలుండేవి. మధ్యాహ్నం తాతయ్య పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే ముఖం మీద ఎండ గీతలు పడేవి. ఒక కన్ను వెలుగులో, ఇంకో కన్ను నీడలో. ఆయన లాంటి సాధువుని చూసి నాకెందుకో భయం వేసేది. ఏళ్ల తర్వాత ఆ సినిమా చూస్తూ, ఇది మా వసారానే కదా అనుకున్నాను.

బ్లాక్ అండ్ వైట్ మాట కూడా ఇక్కడే చెప్పేస్తా. ఎర్ర చీర, ఆకుపచ్చ గోడ కంటికి ఎంతో తేడా. రంగు తీసేశాక రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. షూట్‌కి ముందే మానిటర్‌ని మోనోక్రోమ్‌లో పెట్టి బట్టలూ గోడలూ చూసుకోండి. పైసా ఖర్చు లేదు.

అపోహ: రంగుల్లో నోయిర్ ఉండదు. 1945లో వచ్చిన లీవ్ హర్ టు హెవెన్ టెక్నికలర్, అంటే రంగుల సినిమా. అందులో అతి ఘోరమైన పని జరిగేది ఎండ మెరిసే సరస్సు మీద, పడవలో. దాన్ని తీసిన లియోన్ షామ్రాయ్‌కి ఆస్కార్ కూడా వచ్చింది.

అపోహ: హంతకుడెవరో చివరిదాకా దాచాలి. డబుల్ ఇండెమ్నిటీలో నెఫ్ మొదట్లోనే డిక్టాఫోన్ (మాటలు రికార్డు చేసే యంత్రం) ముందు కూర్చుని, చంపింది నేనే అని ఒప్పుకుంటాడు. ఇక కూర్చుని చూడడమే.

అపోహ: ఈ పేరు హాలీవుడ్ పెట్టింది. కాదు. 1946లో ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ వాడాక నిలబడింది. నోయిర్ అనండి, నువార్ అనండి, నాకు పట్టింపు లేదు.

అపోహ: నోయిర్‌లో ప్రేమకథ అంటే మగాణ్ణి ముంచే ఆడదాని వల తప్ప ఇంకేం లేదు. ఫిలిస్ కాలిగొలుసు అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం నెఫ్ ఆఫీసులోనే క్లెయిములు పరిశీలించే కీస్ గుర్తుంటాడు. చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల కోసం ఎప్పుడూ జేబులు తడుముకుంటాడు. నెఫ్ బొటనవేలి గోరుతో పుల్ల గీసి అంటిస్తాడు. చివర్లో నెఫ్ కూలబడినప్పుడు పుల్ల గీసేది కీస్. నన్నడిగితే ఆ సినిమాలో అసలు ప్రేమ వాళ్లిద్దరిదే.

ఇంతకీ ఆ కుర్రాడు. ఫుటేజ్ బతకలేదు, ఆ మాట చెప్పడానికి నాకే నోరు రాలేదు. మూడు సీన్లే మళ్లీ తీయమన్నాను, నా దగ్గరున్న పాత ఫ్రెనెల్ ఇచ్చాను. బ్లైండ్ కొనొద్దు, తడక వెతుక్కో అన్నాను. పోయిన ఆదివారం ఒక స్టిల్ పంపాడు. ముఖం మీద చారలు బాగానే కుదిరాయి. కింద మెసేజ్: "అన్నా, అల్యూమినియం పొడి ఎక్కడ దొరుకుతుంది?" అది పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు, నిప్పు తగిలితే ఇంకా ప్రమాదం. దాని జోలికి పోవద్దు తమ్ముడూ, కిటికీ కాస్త తెరిచి సాంబ్రాణి వేసుకో అని రాశాను. వేశాడట. పై ఫ్లాట్ ఆవిడ దిగొచ్చి, ఇవాళ ఏం పూజ బాబూ అని అడిగిందట.