కాంజీ టాటూ: అపోహలు - వాస్తవాలు

జపనీస్ నేర్పడం, అనువాదాలు చేయడం నా వృత్తి. హైదరాబాద్‌లో తెలిసిన టాటూ ఆర్టిస్టులు కొందరు, కస్టమర్ తెచ్చిన డిజైన్‌ను వాట్సాప్‌లో పంపి "మేడమ్, ఇది కరెక్టేనా? మనిషి వచ్చి కూర్చున్నాడు" అని అడుగుతుంటారు. మనిషి వచ్చి కూర్చున్నాక అడిగే ప్రశ్న కాదిది. అయినా అడిగినందుకు సంతోషిస్తాను, ఎందుకంటే చాలామంది అసలు అడగరు.

ఈ పోస్టులో ఒక్క కాంజీ (చైనా నుంచి వచ్చి జపనీస్ రాతలో వాడే భావాక్షరం) కూడా వేయలేదు, కావాలనే. వేస్తే ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి నేరుగా షాపుకి పట్టుకెళ్తారు. అదెందుకు ప్రమాదమో కింద వస్తుంది.

అపోహ: ఒక కాంజీ అంటే ఒక మాట. అర్థం చూసుకుని ఎంచుకుంటే చాలు.

వాస్తవం: కాంజీకి ఒక భావం ఉంటుంది. కానీ జపనీస్‌లో ఒక మాట పూర్తవ్వాలంటే చాలాసార్లు రెండు కాంజీలు కావాలి, లేదా కాంజీ పక్కన హిరగానా అనే మరో లిపి అక్షరాలు చేరాలి. 'ధైర్యం' అంటే యూకి, రెండు కాంజీల మాట. అందులో మొదటిదాన్ని మాత్రమే వేయించుకుంటే ఇసాము అనే మగవాళ్ళ పేరులా చదువుతారు. ఎవరి పేరో చేతి మీద వేయించుకున్నారనుకుంటారు.

'బలమైన' అనే కాంజీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 'త్సుయోయి' అని పూర్తిగా రాయాలంటే దాని వెనక హిరగానా ఉండాలి. ఆ కాంజీ ఒంటరిగా జపాన్ ఇళ్ళలో రోజూ కనిపించేది ఫ్యాన్ల మీద, హీటర్ల మీద. హై, మీడియం, లో అనే మూడు బటన్లలో 'హై' అదే. కండ మీద అది వేయించుకుని జిమ్‌లో ఫోటో పెట్టినవాళ్ళని చూశాను. చదివేవాళ్ళకి మాత్రం ఫ్యాన్ స్పీడు గుర్తొస్తుంది.

ఒంటరిగా నిలబడే కాంజీలు లేకపోలేదు. యుమె (కల), కొకొరో (మనసు), ఉమి (సముద్రం), త్సుకి (చంద్రుడు), హనా (పువ్వు), ఆయి (ప్రేమ), ఇవన్నీ ఒక్క అక్షరంతోనే పూర్తి మాటలు. చికారా (శక్తి) కూడా అంతే, కాకపోతే చిన్న చిక్కుంది. కతకానా లిపిలో 'క' అక్షరం కూడా దాదాపు అదే ఆకారంలో ఉంటుంది. పక్కన ఇంకేమీ లేకపోతే, బ్రష్ రాతలో కాకుండా మామూలు ఫాంట్‌లో వేస్తే, 'క' అనే అనుకోవచ్చు.

భావం పెద్దదైతే సొంతంగా కాంజీలు పేర్చకండి. జపనీస్‌లో యోజిజుకుగో అని నాలుగు కాంజీల నానుడులు బోలెడున్నాయి. ఏడుసార్లు పడినా ఎనిమిదోసారి లేవడం అనే 'షిచితెన్ హక్కి', ఈ కలయిక జీవితంలో ఒక్కసారే అనే 'ఇచిగో ఇచియె' లాంటివి. రెండోది టీ వేడుకల సంప్రదాయం నుంచి వచ్చింది. ఇవి నిఘంటువుల్లో ఉంటాయి, వ్యాకరణం తప్పే ప్రశ్న లేదు, ఏ జపనీయుడైనా చూడగానే చదివేస్తాడు. నన్ను అడిగితే నా ఓటు ఎప్పుడూ వీటికే.

అపోహ: ట్రాన్స్‌లేట్ యాప్‌లో కొట్టాను. తిరగేసి చూస్తే అదే మాట వచ్చింది. అంటే కరెక్టే.

వాస్తవం: తిరగేసి చూడటం పరీక్షే కాదు. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే స్వేచ్ఛ, ఉచితం కూడా. యాప్ 'ముర్యో' ఇచ్చిందనుకోండి. దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మారిస్తే 'ఫ్రీ' అనే వస్తుంది. మీ పరీక్ష పాసయింది. ముర్యో అంటే డబ్బు కట్టక్కర్లేదని. పార్కింగ్ బోర్డుల మీద రాసేది. స్వేచ్ఛకు జపనీస్‌లో 'జియూ' అనే వేరే మాట ఉంది. మన వీపు మీద 'ఇచ్చట ఉచితం' అని రాయించుకోవడానికీ దానికీ తేడా లేదు.

తెలుగువాళ్ళు మరీ ఎక్కువగా దెబ్బతినేది చుట్టరికాల దగ్గర. మనకి అక్క వేరు, చెల్లి వేరు, అన్న వేరు, తమ్ముడు వేరు. జపనీస్‌లోనూ సరిగ్గా అంతే: 'అనె', 'ఇమోతో', 'అని', 'ఒతోతో', నాలుగింటికీ నాలుగు వేర్వేరు కాంజీలు. కానీ మనం తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషులో 'సిస్టర్' అని కొట్టి, జపనీస్ తీసుకుంటాం. దారిలో అక్క, చెల్లి కలిసిపోతారు. అక్క కోసమని వేయించుకున్న టాటూ చెల్లెలిదయ్యే అవకాశం సగానికి సగం. మధ్యలో ఇంగ్లీషు లేకుండా 'మా అక్క' అని జపనీస్ తెలిసినవాళ్ళకి చెబితే గొడవే ఉండదు.

అపోహ: నా పేరును కాంజీలో రాయొచ్చు.

వాస్తవం: జపాన్‌లో విదేశీ పేర్లను కతకానాలో రాస్తారు. అది శబ్దాల లిపి, మన గుణింతంలా. ఎ నుంచి జెడ్ దాకా ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో 'కాంజీ' చూపించే చార్టులు నెట్‌లోనూ షాపుల గోడల మీదా కనిపిస్తాయి. అవి పచ్చి బూటకం. కాంజీలు ఇంగ్లీషు అక్షరాలకు బదులు నిలబడవు. ఆ చార్టు చూసి పేరు వేయించుకుంటే పొంతన లేని ముక్కలే మిగులుతాయి.

కతకానాలో మన పేరు మనం అనుకున్నట్టు ఉండదని కూడా ముందే తెలుసుకోవాలి. జపనీస్‌లో ల, ర అనే తేడా లేదు, రెండూ ఒకే శబ్దం. లక్ష్మి 'రకుషుమీ' అవుతుంది, ఆరు గుర్తులు పడుతుంది. చివర దీర్ఘానికి ఒక అడ్డగీత వస్తుంది. ఇక్కడే ఆర్టిస్టులు పొరబడతారు. పేరును పైనుంచి కిందికి నిలువుగా వేస్తే ఆ అడ్డగీత నిలువు గీత అవ్వాలి. అడ్డంగానే వదిలేస్తే 'ఒకటి' అనే కాంజీలా కనిపిస్తుంది. చిన్న సైజులో రాసే 'యు' గుర్తు కూడా నిలువు రాతలో కుడి పక్కకి, కాస్త పైకి జరగాలి.

శబ్దం కోసం కాంజీలు వాడే పద్ధతి ఒకటుంది, అతెజి అంటారు. ఇండియాని 'ఇందో' అని రెండు కాంజీలతో రాయడం అలాంటిదే. కానీ అందులో ఒక్కో కాంజీ తన అర్థాన్ని కూడా మోసుకొస్తుంది. అక్కడి పోకిరీ బైక్ గ్యాంగులు 'యొరొషికు' అనే మర్యాద మాటను రాత్రి, మంచు, చావు, కష్టం అనే నాలుగు కాంజీలతో రాయడం ఫ్యాషన్ చేశాయి. మీ పేరుకి అతెజి చేయమంటే చేస్తాను కానీ, అందులో ఒక్కో కాంజీ అర్థమూ విని మీరు ఒప్పుకున్నాకే.

అపోహ: చైనా అక్షరాలు, జపాన్ అక్షరాలు ఒకటే కదా.

వాస్తవం: మూలం ఒకటే, దారులు వేరు. 'ప్రేమ', 'మనిషి' అనే రెండు అక్షరాలు కలిపితే చైనాలో భార్య లేదా భర్త అని వాడిన మాట అవుతుంది. జపాన్‌లో అదే మాట 'ఐజిన్', అంటే పెళ్ళి బయట పెట్టుకున్న సంబంధం. భార్య మీద ప్రేమతో వేయించుకునేవాళ్ళు కాస్త జాగ్రత్త. జపాన్‌లో 'ఉత్తరం' అని రాసే తెగామి, చైనాలో టాయిలెట్ పేపర్. జపాన్‌లో కూతురికి రాసే అక్షరం చైనాలో తల్లికి వాడతారు.

రూపాలూ మారాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కొన్ని కాంజీలను సులువు చేసింది. 1950ల నుంచి చైనా ఇంకా ఎక్కువ అక్షరాలను, ఇంకా ఎక్కువగా కుదించింది. జపాన్ 'ప్రేమ' మధ్యలో 'హృదయం' అనే భాగం ఉంటుంది. చైనా కుదించిన 'ప్రేమ'లో అది ఎగిరిపోయింది. దేశాన్ని బట్టి ఏది వేసినా తప్పు కాదు. కానీ జపనీస్ టాటూ అని చెప్పుకుంటూ హృదయం లేనిది వేయించుకుంటే అది జపనీస్ కాదు.

ఇక స్క్రీన్‌షాట్ విషయం. ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను నంబర్లతో గుర్తించే యూనికోడ్ పద్ధతిలో చాలా అక్షరాలకు చైనా రూపానికీ జపాన్ రూపానికీ ఒకే నంబరు ఇచ్చారు. ఏ రూపం కనిపించాలన్నది ఫాంట్ చేతిలో ఉంటుంది. 'నిజాయితీ'కి షోజికి అనే రెండు కాంజీల మాట తీసుకోండి. అందులో రెండో అక్షరానికి జపాన్ రూపంలో ఎడమ పక్క కిందికి దిగి కుడివైపుకి తిరిగే మూల ఉంటుంది. చైనా ఫాంట్‌లో ఆ మూల ఉండదు, కింద ఉత్త అడ్డగీతే. ఫోన్ భాషల జాబితాలో జపనీస్ లేకపోతే చాలాసార్లు చైనా రూపమే కనిపిస్తుంది. నేను సరైన మాట టైప్ చేసి పంపినా, మీ ఫోన్ దాన్ని వేరుగా చూపించొచ్చు. అందుకే నేను టెక్స్ట్ పంపను. జపనీస్ ఫాంట్‌లో పెట్టిన పీడీఎఫ్ గానీ, బ్రష్‌తో రాసిన కాగితం స్కాన్ గానీ పంపుతాను.

అపోహ: ఒక చిన్న గీత అటూ ఇటూ అయితే ఎవరు చూస్తారు?

వాస్తవం: చదవగలిగిన ప్రతివాడూ చూస్తాడు. 'పెద్ద' మీద ఒక చుక్క పెడితే 'కుక్క'. అదే చుక్క కింద పెడితే 'లావు'. 'సామురాయి' ఎడమ పక్క భాగంలో ఒక్క గీత ఎక్కువైతే 'ఎదురుచూడు'. 'యోధుడు' అనే అక్షరంలో పై గీత పొడుగు, కింది గీత పొట్టి. తిరగబడితే 'మట్టి'. 'ఆనందం'లో ఒక అడ్డగీత తగ్గితే అది కష్టం, లేదా నాలుక మండించే కారం.

అలాగని ఫాంట్‌తో పోల్చి ప్రతి తేడానీ తప్పనడం కూడా అజ్ఞానమే. అచ్చులో ఒకలా, చేతి రాతలో ఒకలా ఉండే కాంజీలు చాలా ఉన్నాయి. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2016లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రెండూ సరైనవేనని స్పష్టంగా చెప్పింది. ఏ తేడా అర్థాన్ని మారుస్తుంది, ఏది రాత శైలి మాత్రమే అన్నది తెలిసినవాళ్ళే చెప్పగలరు.

సైజు గురించి ఆర్టిస్టు మాట వినండి. ఏళ్ళు గడిచేకొద్దీ చర్మంలో ఇంకు కొంచెం కొంచెం పాకుతుంది, దగ్గరి గీతలు కలిసిపోతాయి. 'డ్రాగన్'కి జపాన్‌లో రెండు రూపాలు చెల్లుతాయి: 16 గీతలది, 10 గీతలది. మణికట్టు మీద చిన్నగా కావాలంటే రెండోదే తీసుకోండి. స్టెన్సిల్ అంటించాక, సూది దిగకముందు, వెనక కెమెరాతో ఫోటో తీసి జపనీస్ తెలిసినవాళ్ళకి పంపండి. సెల్ఫీ వద్దు, కొన్ని ఫోన్లలో అది కుడి ఎడమలు మార్చేస్తుంది. అప్పుడు స్టెన్సిల్ నిజంగానే తిరగబడి ఉంటే కనిపెట్టలేం.

అపోహ: కాంజీ టాటూ జపాన్ పురాతన సంప్రదాయం.

వాస్తవం: అక్కడి సంప్రదాయ పచ్చబొట్టు, ఇరెజుమి, ప్రధానంగా బొమ్మలు. డ్రాగన్లు, కార్ప్ చేపలు, పియోనీ పూలు, అలలు వీపు నిండా పరుచుకుంటాయి. అక్షరాలు కనిపించేది వేరే చోట. 'ఎదో' అనే యుగంలో, అంటే 1868కి ముందు, ప్రేమికులు ఎదుటివారి పేరు రాసి దాని కింద 'ప్రాణం' అనే కాంజీ పొడిపించుకునేవారు, ముఖ్యంగా వేశ్యావాటికల్లో. నేరస్తులకు శిక్షగా కూడా పొడిచేవారు. చాలా చోట్ల ముంజేతి మీద చారలు. హిరోషిమా ప్రాంతంలో మాత్రం నుదుటి మీద 'కుక్క' అనే కాంజీని ఒక్కో నేరానికి కొంత కొంతగా పూర్తి చేసేవారట. 1872లో ప్రభుత్వం టాటూలను నిషేధించింది, 1948లో ఎత్తేసింది. ఇప్పటికీ చాలా వేడినీటి స్నానశాలల్లో, ఈత కొలనుల్లో టాటూ ఉన్నవాళ్ళను రానివ్వరు. ఉద్యోగం మీద టోక్యో వెళ్ళి అక్కడి నిషికసాయి ప్రాంతంలో ఉండే మనవాళ్ళు జిమ్‌లో చేరేముందు ఈ నిబంధన చదువుకోవాలి. అక్కడ కాంజీ సరైనదా కాదా అని చూడరు, టాటూ ఉందా లేదా అనే చూస్తారు.

అపోహ: తప్పు పడితే ఇంకో అక్షరం కలిపి సరిచేసుకోవచ్చు.

వాస్తవం: అందరికీ తెలిసిన కేసు 2019 జనవరిలో గాయని అరియానా గ్రాండేది. 'ఏడు ఉంగరాలు' అని అరచేతిలో వేయించుకోబోయి, నొప్పికి మధ్య అక్షరాలు వదిలేశారు. మిగిలిన రెండు కాంజీలూ కలిసి 'షిచిరిన్' అయ్యాయి, అంటే బొగ్గుల మీద చేపలు, మాంసం కాల్చుకునే చిన్న కుంపటి. సరిచేయడానికి 'వేలు' అనే కాంజీ, ఒక హృదయం బొమ్మ కింద చేర్చారు. వాటిని వరసగా చదివితే కుంపటి, ఆ తర్వాత వేలు. సరిగ్గా రాయాలంటే ఆ వేలు మధ్యలో, హిరగానా అక్షరాల తర్వాత రావాలి. ఉన్న రెండింటి మధ్య దానికి చోటు లేదు.

గీత తక్కువైతే ఒక్కోసారి బతికిపోవచ్చు. 'ఆనందం' వేయబోయి 'కష్టం' పడిందనుకోండి, పైభాగంలో ఒక అడ్డగీత కలిపితే సరిపోతుంది. ఆ గీతకి చోటుందో లేదో ఆర్టిస్టు చూసి చెబుతాడు. గీత ఎక్కువైతే మాత్రం లేజర్, లేదంటే మీద ముదురు రంగు బొమ్మతో కవర్‌అప్.