గిగాహెర్ట్జ్ మోజును దించిన ల్యాప్‌టాప్ చిప్

ఒకప్పుడు కంప్యూటర్ షాపులో అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని గిగాహెర్ట్జ్?" అంటే చిప్‌లోని క్లాక్ సెకనుకు ఎన్ని వందల కోట్ల సార్లు టిక్కుమంటుందని. 2000 నవంబర్‌లో పెంటియమ్ 4 చిప్ తెచ్చిన ఇంటెల్ కూడా ఆ అంకెనే నమ్ముకుంది. పెంటియమ్ 3లో 10 దశలున్న పైప్‌లైన్‌ను (ఒక్కో ఆదేశాన్ని ముక్కలుగా పూర్తిచేసే వరసను) 20కి పెంచింది. ఒక్కో దశలో పని తక్కువ కాబట్టి క్లాక్ పరుగెత్తింది. కానీ ఒక్కో టిక్కులో తెమిలే పనీ తగ్గింది.

గోడ ప్లగ్గు, పెద్ద ఫ్యాను ఉన్న డెస్క్‌టాప్‌కు ఇది చెల్లింది. డెస్క్‌టాప్ చిప్‌నే ల్యాప్‌టాప్‌లో ఇరికించి అమ్మిన కంపెనీలూ ఉన్నాయి. అలాంటిదొకటి నేనూ వాడాను. ఒళ్లో పెట్టుకుంటే అరగంటకే తొడ చుర్రుమనేది, కింద అట్ట ఉండాల్సిందే.

ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉన్న ఇంటెల్ బృందం వేరే దారి పట్టింది. పెంటియమ్ 3 వంశపు డిజైన్‌ను తీసుకుని, చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ అయిన క్యాష్‌ను 1 ఎంబీకి పెంచి, పని లేని భాగాలు కరెంటు తినకుండా చూసింది. అదే 2003 మార్చిలో వచ్చిన పెంటియమ్ ఎం. 1.6 గిగాహెర్ట్జ్, 24.5 వాట్లు. చూడ్డానికి చిన్న అంకె. చాలా పనుల్లో మాత్రం అంతకంటే ఎంతో ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న పెంటియమ్ 4కు దీటుగా నిలిచింది.

డెస్క్‌టాప్ వైపు 2004లో వచ్చిన కొత్త రకం పెంటియమ్ 4, ప్రెస్కాట్ పైప్‌లైన్ 31 దశలకు చేరింది, వేడి 100 వాట్లు దాటింది. క్లాక్ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, కరెంటు ఖర్చేమో క్లాక్‌తోనూ, వోల్టేజీ వర్గం (స్క్వేర్)తోనూ పెరుగుతుంది. రెండూ 20 శాతం పెంచితే ఖర్చు దాదాపు 73 శాతం ఎక్కువవుతుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4ను విరమించుకుంది. అప్పటికే చిప్‌లకు గిగాహెర్ట్జ్ బదులు మోడల్ నంబర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ ఆ అంకెనే చూడమని జనానికి నేర్పింది తనే మరి!

2006 జులైలో వచ్చిన కోర్ 2 డ్యువో కూడా హైఫా బృందం పనే. డెస్క్‌టాప్‌లో రెండు కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 65 వాట్లు. ల్యాప్‌టాప్ కోసం పుట్టిన ఆలోచన టేబుల్ ఎక్కేసింది.

గిగాహెర్ట్జ్ గొడవ పోయింది, పేర్ల గొడవ వచ్చింది. ఒకే తరానికి చెందిన రెండు ఇంటెల్ చిప్‌లు చూడండి. ఐ7-8550యు 15 వాట్ల ల్యాప్‌టాప్ చిప్, నాలుగు కోర్లు. ఐ7-8700కె 95 వాట్ల డెస్క్‌టాప్ చిప్, ఆరు కోర్లు. బ్రౌజర్ తెరిచినప్పుడు తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే ల్యాప్‌టాప్ చిప్ కూడా కాసేపు 4 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది. పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం ఫ్యాను హోరెత్తుతుంది, స్పీడు దిగిపోతుంది. స్టిక్కర్ మీద రెంటికీ ఐ7 అనే ఉంటుంది.