విమానం ఎక్కే ముందు ఒక లీటరు సంచి

హైదరాబాద్

చిరంజీవులు అమ్ములు, చిన్నాలకు పెద్దమ్మ ఆశీస్సులు.

సెలవులకి న్యూజెర్సీలో బాబాయి దగ్గరికి వెళ్తున్నారట. ఈసారి ఎవరి క్యాబిన్ బ్యాగు వాళ్లే సర్దుకోవాలని అమ్మ చెప్పిందట. మంచి పని చేసింది. బట్టల గురించి నేనేం చెప్పను, మీకు తోచినట్టు మడతపెట్టుకోండి. షాంపూ, పేస్టు, నూనె, క్రీములు పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ సంచి ఉంటుందే, దాని గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తాను. సెక్యూరిటీ దగ్గర బ్యాగు పక్కకి లాగి "ఇది ఎవరిది?" అని పిలిచారంటే, చాలాసార్లు లోపల ఉన్నది కత్తో కత్తెరో కాదు, పెద్ద సైజు షాంపూ సీసానో, సగం తాగిన నీళ్ల బాటిలో.

ఈ గొడవ ఎక్కడ మొదలైందో ముందు చెప్తాను. కారణం తెలిస్తే రూల్ బట్టీ పట్టక్కర్లేదు. 2006 ఆగస్టులో లండన్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. కూల్‌డ్రింక్ సీసాల్లో పేలుడు ద్రవాలు నింపి, అట్లాంటిక్ దాటే విమానాల్లోకి చేర్చాలన్నది వాళ్ల పన్నాగం. ఆగస్టు 10 తెల్లారేసరికి బ్రిటన్‌లో చేతి సామాను దాదాపు మొత్తం ఆపేశారు. చంటిపిల్ల పాలసీసా తీసుకెళ్లాలంటే తల్లే ముందు ఒక గుక్క తాగి చూపించాల్సి వచ్చింది. అలా ఎన్నాళ్లు నడుస్తుంది? అందుకని ఆ సెప్టెంబరు చివర్లో అమెరికా, నవంబరులో యూరప్ ఒక మధ్యే మార్గం పెట్టాయి. ద్రవం ఏదైనా 100 మి.లీ. దాటని సీసాలో ఉండాలి. అలాంటి సీసాలన్నీ కలిపి ఒక లీటరు మించని, లోపలున్నది బయటికి కనిపించే, మూసి తెరవగలిగే ఒక్క సంచిలో పట్టాలి. మనిషికి ఒక్కటే సంచి. తర్వాత మన దేశంలోనూ అంతర్జాతీయ విమానాలకి ఇదే పద్ధతి వచ్చింది. అప్పటికి శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఇంకా కడుతున్నారు, మనవాళ్లంతా బేగంపేట నుంచే ఎక్కేవాళ్లు.

ఇందులో మూడు విషయాలున్నాయి: సీసా చిన్నది, మొత్తం కొంచెమే, కనపడాలి. సంచి కొనేటప్పుడు ఈ మూడూ గుర్తుంటే చాలు, అంగడివాడు ఏం చెప్పినా మోసపోరు.

ఏది ద్రవం అన్న దగ్గర మాత్రం ఎంత చదువుకున్నవాళ్లయినా తడబడతారు. నేను పెట్టుకున్న లెక్క ఇది: పోసేదీ, పిండేదీ, పూసేదీ, స్ప్రే చేసేదీ అన్నీ ద్రవం కిందికే వస్తాయి. నీళ్లు, షాంపూ సరే. టూత్‌పేస్టు, అమృతాంజనం, హెయిర్ జెల్, సన్‌స్క్రీన్, నెయ్యి, తేనె, పెరుగు, పచ్చడి కూడా అంతే. పాకంలో తేలే గులాబ్ జామూన్ డబ్బా కూడా. చిన్నా, నువ్వు రోజంతా సాగదీసే ఆ స్లైమ్ కూడా జెల్లే, దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్లు. సబ్బు బిళ్ల, సున్నుండలు, పూతరేకులు, చాక్లెట్లు గట్టివి కాబట్టి ఈ సంచిలోకి రానక్కర్లేదు. కొబ్బరి నూనె దగ్గర ఒక తిరకాసు ఉంది. మన దగ్గర డిసెంబరులో పొద్దున్నే చూస్తే తెల్లగా పేరుకుపోయి ఉంటుంది కదా, గట్టిదే కదా అనిపిస్తుంది. 24 డిగ్రీలు దాటితే కరిగే వస్తువు అది. దాన్ని పట్టుకుని ఆఫీసరుతో వాదన పెట్టుకోవద్దు.

ఇప్పుడు సంచి. ఆన్‌లైన్‌లో వెతికితే రకరకాలు కనిపిస్తాయి. గులాబీ అంచులవి, అడుగున గుడ్డ కుట్టినవి, పెట్టెలా నిలబడేవి, కార్టూన్ బొమ్మలవి. కొన్నింటి మీద "టీఎస్ఏ అప్రూవ్డ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. టీఎస్ఏ అంటే అమెరికా ఎయిర్‌పోర్టుల్లో తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ. అది ఏ కంపెనీ పౌచ్‌కీ ముద్ర వేసి ఇవ్వదు. "టీఎస్ఏ రూల్‌కి సరిపోయే సైజు" అని పౌచ్ చేసే కంపెనీ తనకి తాను రాసుకునే మాట అది, ఆ సైజు కూడా నిజంగా సరిపోతుందో లేదో మనమే చూసుకోవాలి. ఆ మాట కోసం వంద రూపాయలు ఎక్కువ ఇవ్వొద్దు.

నన్నడిగితే బేగంబజార్‌లో ప్యాకింగ్ సామాను అమ్మే కొట్టుకి వెళ్లి, మందంగా ఉండే మామూలు జిప్‌లాక్ కవర్లు నాలుగు తెచ్చుకోండి. అంత దూరం వెళ్లలేకపోతే మీ వీధి సూపర్‌మార్కెట్లో ఫ్రిజ్‌లో కూరగాయలు పెట్టుకునే కవర్లు అమ్ముతారు, అవీ పనికొస్తాయి. అడ్డం 20 సెంటీమీటర్లు, నిలువు 20 సెంటీమీటర్లు ఉన్నది సుమారు లీటరు కిందికి వస్తుంది. అమెరికాలో అడిగేది క్వార్ట్ సంచి. అంటే 946 మి.లీ., మన లీటరు కంటే గుక్కెడు తక్కువ. మీ తిరుగు ప్రయాణం అక్కడి నుంచే కదా, అందుకని ఆ చిన్న కొలతకే సరిపెట్టుకోండి. 18 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే ఎక్కడా ఇబ్బంది రాదు.

కవర్ చేతికి రాగానే మూడు పనులు చేయండి. లోపల కాస్త గాలి ఉంచి జిప్ మూసి రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కండి. 'స్‌స్' అని శబ్దం వచ్చిందంటే, అక్కడి నుంచే రేపు షాంపూ కారుతుంది. వేలితో నొక్కుకుంటూ మూసే జిప్ అయితే చివరిదాకా బిగుస్తుంది. చిన్న ప్లాస్టిక్ ముక్కని జరిపి మూసే రకానికి ఒక మూల సన్నటి సందు మిగులుతుంది, అందుకే నాకది నచ్చదు. రెండోది, కవర్‌ని పుస్తకం మీద పెట్టి అక్షరాలు చదవండి. పాలరంగులో మసకగా ఉండేది, మొత్తం బొమ్మలతో నిండిపోయినది వద్దు. చూసే ఆఫీసరుకి సంచి తెరవకుండానే అన్నీ కనపడాలి. రంధ్రాల నెట్ పౌచ్‌లో అన్నీ కనపడతాయి కానీ అది మూసినట్టు లెక్క కాదు.

మూడోది మీకు సరదాగా ఉంటుంది. ఎవరైనా అడుగు వెడల్పుగా ఉన్న పౌచ్ బహుమతిగా ఇచ్చి, అదే తీసుకెళ్లాలని మనసు పడితే, ఒక లీటరు నీళ్ల బాటిల్ నిండా నింపి సింకు మీద ఆ పౌచ్‌లో పోయండి. నీళ్లు అంచుదాకా వస్తే సరే. లీటరూ పోశాక ఇంకా చోటు మిగిలిందంటే ఆ పౌచ్ పెద్దది. పెట్టెలా నిలబడే పౌచ్‌లు చూడటానికి చిన్నగానే ఉంటాయి, కానీ అడుగు వెడల్పు వల్ల లీటరున్నర దాకా పట్టేవి ఉంటాయి.

సీసాల సంగతి. లోపల ఎంత ఉందన్నది కాదు, సీసా మీద ఎంత రాసి ఉందన్నదే లెక్క. 200 మి.లీ. సీసాలో అడుగున రెండు చెంచాలే మిగిలినా అది 200 సీసానే, చెత్తబుట్టలోకి పోతుంది. ఖాళీ ట్రావెల్ సీసాలు కొనేటప్పుడు తిరగేసి అడుగు చూడండి. ప్లాస్టిక్‌లోనే ఉబ్బెత్తుగా అంకె పోసి ఉంటుంది. 100 లేదా అంతకంటే తక్కువ ఉంటే తీసుకోండి. 120 మి.లీ. సీసాలు కూడా అచ్చం అలాగే ఉంటాయి, వాటితో జాగ్రత్త. అంకే లేనిదాన్ని ఆఫీసరు కంటితో కొలుస్తాడు. ఆయన కన్ను ఎలాంటిదో మనకేం తెలుసు?

పది సీసాలు వందేసి చొప్పున అంటే లెక్కకి లీటరే. కానీ గుండ్రటి సీసాల మధ్య ఖాళీలు పోతాయి కాబట్టి పదీ పట్టవు. పట్టించాలని కుక్కితే జిప్ మూతపడదు, జిప్ మూతపడని సంచి సంచే కాదంటారు. వారం రోజులకి మీకు కావాల్సింది 30, 50 మి.లీ. సీసాలే. మిగతాది బాబాయి ఇంట్లో దొరుకుతుంది. చదునుగా ఉండే సీసాలు, ట్యూబులు ఎంచుకుంటే చోటు కలిసొస్తుంది. సబ్బు బిళ్ల వాడేవాళ్లకి బాడీ వాష్ గోలే లేదు. ఒక మాట, మనిషికి ఒక సంచి అన్నారు కదా, మీరూ మనుషులే. అమ్మ సన్‌స్క్రీన్ తన సంచిలో పట్టకపోతే మీ సంచిలో పెట్టమని అడగొచ్చు. అప్పుడు కాస్త బెట్టు చేయండి.

కారకుండా చూసుకోవడం గురించి కూడా చెప్పాలి. విమానం ముప్పై వేల అడుగుల పైన ఎగురుతున్నా లోపలి గాలి ఒత్తిడిని మాత్రం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంచుతారు. అంటే దాదాపు ఊటీలో కూర్చున్నట్టే. ఊటీ ఘాట్ ఎక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బుతుంది కదా, అదే పని మీ షాంపూ సీసాలోనూ జరుగుతుంది. బయట ఒత్తిడి తగ్గేసరికి సీసాలో ఉన్న గాలి వ్యాకోచించి, మూత సందులోంచి షాంపూని బయటికి తోస్తుంది. కాబట్టి మెత్తటి సీసా అయితే షాంపూ మూతి దాకా వచ్చేలా నొక్కి, గాలి పోయాక అలాగే పట్టుకుని మూత బిగించండి. మూత కింద చిన్న ప్లాస్టిక్ కాగితం ముక్క వేస్తే ఇంకా మంచిది. అమ్ములూ, నీ ఫిజిక్స్ పుస్తకంలో బాయిల్ నియమం ఇదే. పరీక్షించాలంటే విమానంలో ఖాళీ నీళ్ల బాటిల్ మూత గట్టిగా బిగించి పెట్టుకో. దిగేసరికి దాని పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటుంది.

ఆ ఖాళీ బాటిల్ ఇంటి నుంచే తీసుకెళ్లొచ్చు. ఖాళీగా ఉన్నంతవరకు ఎవరూ ఏమీ అనరు. తనిఖీ దాటాక లోపల తాగునీటి కుళాయిల దగ్గర నింపుకోండి.

సంచిని క్యాబిన్ బ్యాగు బయటి జేబులోనే పెట్టండి. ఇమిగ్రేషన్ అయ్యాక, ఎయిర్‌పోర్టు భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్ల తనిఖీ వస్తుంది. ట్రేలో విడిగా పెట్టమంటే వెంటనే తీసి పెట్టేలా ఉండాలి. బట్టల కింద దాచి, అందరి ముందూ బ్యాగు తిరగేసి వెతుక్కుంటుంటే వెనకున్నవాళ్ల చూపులకే టెన్షన్ వస్తుంది. తిరుపతికో వైజాగ్‌కో వెళ్లే విమానాలకి ద్రవాల విషయంలో ఇంత పట్టింపు ఉండదు. పోయినసారి ఏమీ అనలేదు కదా అని ఆ ధీమాతో వెళ్లొద్దు.

మీరు దుబాయ్‌లో విమానం మారాలి, అక్కడ మళ్లీ తనిఖీ ఉంటుంది. కొన్ని ఊళ్లలో కొత్త సీటీ స్కానర్లు వచ్చాయి. అవి సంచి తీయకుండానే లోపలి వస్తువుని అన్ని వైపుల నుంచీ చూడగలవు, అందుకని అలాంటి చోట్ల రూల్ సడలిస్తున్నారు. అయినా దారిలో మూడు ఎయిర్‌పోర్టులుంటే, వాటిలో అన్నిటికన్నా కఠినమైనదాన్ని బట్టే సర్దుకోవాలి. డ్యూటీ ఫ్రీలో అమ్మ సెంటు సీసా కొంటే దాన్ని సీలు వేసిన ప్రత్యేకమైన కవర్లో, రసీదుతో సహా పెట్టి ఇస్తారు. ఇల్లు చేరేదాకా ఆ సీలు చింపొద్దు. వాసన చూడాలని చేతులు దురద పెట్టినా సరే.

మందులకి మినహాయింపు ఉంది. చిన్నా, నీ దగ్గు సిరప్ దారిలో అవసరం అనుకుంటే డాక్టరు చీటీతో విడిగా పెట్టుకుని, అడగకముందే చూపించు. చంటిపిల్లల పాలకీ అంతే.

పొడుల మాట మర్చిపోబోయాను. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మి.లీ. మించి ఏ పొడి చేతి సామానులో ఉన్నా విడిగా తీసి తనిఖీ చేస్తారు, 2018 నుంచి ఉన్న పద్ధతి ఇది. వాళ్లకి ఏమిటో తేల్చుకోవడం కుదరకపోతే అక్కడే వదిలేసి వెళ్లాలి. కాబట్టి కందిపొడి, నువ్వుల కారం చెక్-ఇన్ సూట్‌కేసులోకే. ఆవకాయ కూడా సూట్‌కేసులోకే. మా వీధి చివర పచ్చళ్ల కొట్టువాడు గాలి తీసి, రెండు కవర్లలో సీలు చేసి, పైన టేపు చుట్టి ఇస్తాడు. బాబాయికి రెండు కిలోలు చెప్పాను. అది కట్టించి శుక్రవారం మీ ఇంటికి పంపుతాను, సూట్‌కేసులో దానికి కాస్త చోటు ఉంచమని అమ్మకి చెప్పండి.

మీ
పెద్దమ్మ