రెండు నిమిషాల బ్లడ్ గ్రూప్ టెస్ట్: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో బ్లడ్ బ్యాంక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి పేషెంట్లతో వచ్చేవాళ్లు, క్యాంపులో రెండు నిమిషాల కిట్‌తో టెస్ట్ చేసి ఇచ్చిన గ్రూపు కార్డు చూపించి, రక్తం వెంటనే ఇవ్వమంటారు. వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. అయినా ఆ కార్డు చూసి ఇవ్వలేం.

అపోహ: కిట్ 95 శాతం కరెక్టుగా చెబుతోంది, ఇంకేం కావాలి?

వాస్తవం: మన దేశంలో ఆర్‌హెచ్ నెగటివ్ (ఎర్రకణాల మీద 'డి' అనే పదార్థం లేని) వాళ్లు నూటికి సుమారు అయిదుగురే. అసలు టెస్టే చేయకుండా అందరికీ "పాజిటివ్" అని రాసేసినా 95 శాతం కరెక్టే అవుతుంది! ఆ అయిదుగురిలో ఒక గర్భిణి ఉందనుకోండి. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే తల్లికి 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి, బిడ్డ కణాలకు వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా ఆపేది అదే. కార్డు మీద పాజిటివ్ అని ఉంటే ఆమెకు ఆ ఇంజెక్షన్ ఎవరిస్తారు? ఆ యాంటీబాడీల వల్ల తర్వాతి కాన్పులో ముప్పు బిడ్డకు. అందుకే కిట్‌ను పరీక్షించేటప్పుడు నెగటివ్‌లు, వీక్ డి (డి బలహీనంగా ఉన్నవి), 'ఏ' గ్రూపులోని బలహీనమైన సబ్‌గ్రూపులు కావాలని వెతికి తేవాలి. అవే శాంపిళ్లను ల్యాబ్‌లో చేసే ట్యూబ్ లేదా జెల్ పద్ధతిలోనూ చేసి పోల్చాలి. కిట్ ఫలితం చదివేవాళ్లకు ల్యాబ్ ఫలితం ముందే తెలియకూడదు. తెలిస్తే కంటికి అదే కనిపిస్తుంది.

అపోహ: రక్తం గుంపు కట్టినట్టు కనిపిస్తే ఆ గ్రూపు ఖాయం.

వాస్తవం: రక్తపు చుక్కను యాంటీసీరమ్‌తో (గ్రూపును పట్టే ద్రవంతో) కలిపిన స్లైడ్‌ను రెండు నిమిషాల్లోపే చూడాలి. మన మే నెల ఎండలకు, ఫ్యాన్ గాలికి అంచులు ఆరిపోయి గుంపు కట్టినట్టే ఉంటుంది. యాంటీసీరమ్ 2-8 డిగ్రీల్లో ఉండాలి, పొద్దంతా టేబుల్ మీద కాదు.

అపోహ: ఓ అని వచ్చిందంటే ఓ గ్రూపే.

వాస్తవం: స్లైడ్ ఎర్రకణాలను మాత్రమే చూస్తుంది. 1952లో వెలుగులోకి వచ్చిన బాంబే గ్రూపు (ఓ గ్రూపు వాళ్లకూ ఉండే 'హెచ్' అనే పదార్థం లేని అరుదైన గ్రూపు) కూడా స్లైడ్ మీద ఓ లాగే కనిపిస్తుంది. వాళ్లకు మామూలు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణానికే ప్రమాదం. ప్లాస్మాను తెలిసిన ఏ, బి, ఓ కణాలతో కలిపి చూసే రివర్స్ గ్రూపింగ్‌లో ఇది బయటపడుతుంది.

అపోహ: అయితే మంచం దగ్గర చేసే టెస్ట్ దండగ.

వాస్తవం: కానే కాదు. ఫ్రాన్స్‌లో రక్తం ఎక్కించే ముందు అది తప్పనిసరి. పేషెంట్ రక్తం, బ్యాగులోని రక్తం పక్కపక్కన చూస్తే ఒకరి బ్యాగు ఇంకొకరికి వచ్చిందేమో తెలిసిపోతుంది. తప్పు గ్రూపు రక్తం ఎక్కడానికి ఎక్కువగా ఇలాంటి తారుమారులే కారణం. అయితే క్రాస్ మ్యాచింగ్ (దాత కణాలను పేషెంట్ ప్లాస్మాతో కలిపి చూడటం) మానేయడానికి వీల్లేదు, మిగతా యాంటీబాడీలు మంచం దగ్గరి టెస్టుకు కనిపించవు. శాంపిల్ తీసిన మంచం దగ్గరే పేరు అడిగి ట్యూబ్ మీద రాయాలి. మేం రెండో శాంపిల్ అడిగేది కూడా ఈ తారుమారును పట్టుకోవడానికే.