ఏజియన్ సముద్రపు దొంగలు, రోమ్: అపోహలు - వాస్తవాలు

ప్రాచీన గ్రీసు చరిత్ర బోధిస్తున్న నాకు విద్యార్థుల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "సముద్రపు దొంగల పీడ వదిలించింది రోమే కదా!" ఆ పీడను ముదరనిచ్చింది ఎవరో కూడా చెప్పాలి.

అపోహ: గ్రీకు దీవులకు కాపలా కాసింది రోమ్.

వాస్తవం: చాలాకాలం ఆ పని రోడ్స్ దీవిది. అది వర్తకం మీద బతికే నగరం కాబట్టి దొంగలను వేటాడక తప్పేది కాదు. మాసిడోనియా రాజ్యంతో రోమ్ చేసిన యుద్ధంలో రోడ్స్ తీరు రోమ్‌కు నచ్చలేదు. అందుకే క్రీ.పూ. 166లో రోమ్ ఏజియన్‌లోని డెలోస్ దీవిని ఏథెన్స్‌కు అప్పగించి, సుంకం లేని రేవుగా మార్చింది. దాంతో తమ రేవు రాబడి 10 లక్షల డ్రాక్మాల (గ్రీకు వెండి నాణేలు) నుంచి 1.5 లక్షలకు పడిపోయిందని రోడ్స్ రాయబారి రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ ముందు మొరపెట్టుకున్నాడు. రాబడి పోయాక యుద్ధనౌకలను పోషించేదెలా?

ఇక డెలోస్ బానిసల సంత అయింది. అక్కడ ఒక్క రోజులో వేలకు వేల మంది చేతులు మారగలిగేవారని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. మనుషులను ఎత్తుకొచ్చింది దొంగలే. కానీ రోమ్ చేతిలో కార్తేజ్, కొరింత్ నగరాలు పతనమయ్యాక సంపన్నులైన రోమన్లకు బానిసలు కావలసి వచ్చారని చెప్పిందీ అదే స్ట్రాబో. ఈ పాఠంలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

అపోహ: క్రీటు దీవి వాళ్లు నీతీ నియమం లేని దొంగల గుంపు.

వాస్తవం: వాళ్లకు నగరాలున్నాయి, చట్టాలున్నాయి. ఆసియా మైనర్ (నేటి టర్కీ) తీరంలోని గ్రీకు నగరం టియోస్‌ను దోచబోమని క్రీటు నగరాలు ఇచ్చిన హామీలు శాసనాలుగా దొరికాయి. అలాంటి హామీ అడగవలసి వచ్చిందంటే దోపిడీ భయం నిజమే. అయితే మాట ఇవ్వగల ప్రభుత్వాలూ అక్కడ ఉన్నాయి.

వీరి మీదికి రోమ్ సేనాని మార్కస్ ఆంటోనియస్ (ప్రసిద్ధుడైన మార్క్ ఆంటోనీ తండ్రి) దండెత్తి ఓడిపోయాడు. ఓడల్లో ఆయుధాల కన్నా సంకెళ్లే ఎక్కువ తెచ్చాడని రోమన్ చరిత్రకారుడు ఫ్లోరస్ అంటాడు. రాజీ కోసం క్రీటు రాయబారులు రోమ్‌కు వెళితే, సెనేట్ 4,000 టాలెంట్ల (పెద్ద తూకపు కొలత) వెండి, 300 మంది బందీలు, క్రీటు సేనానులు లాస్థెనీస్, పనారీస్‌లను అడిగింది. క్రీటు ఒప్పుకోలేదు. క్రీ.పూ. 69లో రోమ్ సేనాని మెటెల్లస్ సైన్యంతో వచ్చాడు.

అపోహ: దొంగలను అణచడానికి రోమ్ నియమించిన సేనాని పాంపే మూడు నెలల్లో అంతా ముగించాడు.

వాస్తవం: క్రీటులో కాదు. లొంగినవారిని పాంపే బతకనిస్తున్నాడని తెలిసి, క్రీటు నగరాలు క్రీ.పూ. 67లో అతనికే లొంగుతామన్నాయి. అతను తన ప్రతినిధి ఆక్టేవియస్‌ను పంపాడు. మెటెల్లస్ మాత్రం దాడి ఆపలేదు. ఆక్టేవియస్ దొంగల పక్షాన నిలిచి మెటెల్లస్‌తోనే పోరాడాడు. అతను ఉన్న లాప్పా నగరాన్ని మెటెల్లస్ పట్టుకొని, అక్కడున్న సిలీషియా (ఆసియా మైనర్ దక్షిణ తీరం) దొంగలను చంపించాడు. ఆక్టేవియస్‌ను సైనికుల ఎదుట దూషించి వదిలేశాడు.