కంపెనీకి ఏడాది ఆగాలి, టికెట్‌కు ఆగక్కర్లేదు

అసెంబ్లీ నామినేషన్ పత్రంలో ఒక ప్రశ్న ఉంటుంది. అవినీతి వల్లగానీ, రాజ్యం పట్ల అవిధేయత వల్లగానీ ప్రభుత్వ ఉద్యోగం నుంచి మిమ్మల్ని డిస్మిస్ చేశారా? అలా అయితే ఐదేళ్లు పోటీకి వీల్లేదు. మర్యాదగా రిటైరైన వాళ్లను మాత్రం ఎప్పుడు రిటైరయ్యారని ఎవరూ అడగరు, మర్నాడే పోటీకి దిగొచ్చు.

గుంటూరు పక్కనే ఉన్న ప్రత్తిపాడు ఎస్సీ రిజర్వుడ్ సీటు. 2014లో అక్కడ గెలిచిన రావెల కిశోర్‌బాబు రైల్వే అధికారిగా పనిచేసి వచ్చినవారు. 2024లో గెలిచిన బూర్ల రామాంజనేయులు రిటైర్డ్ ఐఏఎస్. 2019లో గుంటూరు పశ్చిమలో ఓడిపోయిన చంద్రగిరి ఏసురత్నం పోలీసు శాఖలో చేసి వచ్చారు.

ఇదే ఐఏఎస్, ఐపీఎస్ అధికారి రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. ఈ గడువు ఒకప్పుడు రెండేళ్లు ఉండేది. పార్టీలో చేరడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. 2012లో ఎన్నికల సంఘం ఈ తేడాను ఎత్తి చూపి, రిటైరైన అధికారులు రాజకీయాల్లోకి వచ్చే ముందూ కొంత విరామం పెట్టమంది. అది రాజ్యాంగానికి నిలవదని కేంద్రం పక్కన పెట్టేసింది.

అమెరికాలో ఇలాంటి విరామం పదవి దిగిన నేతలకు ఉంది. అక్కడ పైరవీ రిజిస్టర్ చేసుకుని చేసే వృత్తి, కాబట్టి గడువు కూడా రాసి పెట్టారు. 2007 చట్టం ప్రకారం మాజీ సెనేటర్ రెండేళ్లు, ప్రతినిధుల సభ మాజీ సభ్యుడు ఏడాది పాటు కాంగ్రెస్ దగ్గర లాబీయింగ్ చేయకూడదు. ఫ్లోరిడా ఓటర్లు 2018లో తమ రాష్ట్ర పదవుల్లో ఉన్నవాళ్లకు ఆ గడువును ఆరేళ్లు చేశారు, 2022 చివర్లో అమల్లోకి వచ్చింది. అక్కడ రాష్ట్ర శాసనసభ్యుడి జీతం ఏడాదికి సుమారు 30 వేల డాలర్లే. పదవి దిగాక నాలుగు డబ్బులు చూసుకుందామని లెక్కేసుకునేవాడు ఇప్పుడు రెండుసార్లు ఆలోచిస్తాడు. సొంత ఆస్తి ఉన్నవాడికి ఆ టెన్షన్ లేదు.

మన దగ్గర పైరవీకి చట్టమే లేదు. వెలగపూడి సచివాలయంలో ఫైలు చంకన పెట్టుకుని తిరిగే మాజీ ఎమ్మెల్యేను ఎవరూ లాబీయిస్టు అనరు, ‘మనకు బాగా కావలసినవాడు’ అంటారు. అందుకే ఇక్కడ వాదమంతా అధికారుల చుట్టూనే తిరుగుతుంది. విరామం పెడితే కాంట్రాక్టర్‌కు, రియల్ ఎస్టేట్ వ్యాపారికి పోయేదేమీ లేదు. దెబ్బ తగిలేది ప్రత్తిపాడు లాంటి చోట్లే. భూమీ, వ్యాపారమూ లేని కుటుంబాల నుంచి పైకొచ్చిన వాళ్లకు సర్వీసే పరపతి. ఇది నాకు చిన్న విషయంగా కనిపించదు. అలాగని నిన్నటిదాకా పార్టీ పెద్దల ఫైళ్లపై సంతకాలు పెట్టి, ఇవాళ అదే పార్టీ బీ-ఫారం అందుకోవడం కూడా బాగుండదు.

2022లో ఈ విరామం కోరుతూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. అది చట్టసభలు తేల్చుకోవాల్సిన సంగతి అంది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో రిటైరయ్యారు, ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా విజయవాడకు వచ్చారు. గవర్నర్ పదవికి ఎన్నిక ఉండదనుకోండి.