ఇసుక నేల, యూరియా కట్ట, గడ్డలోని సారం

తీగ కమ్మేసింది గానీ గడ్డ ఊరలేదు. చిలగడదుంపకు యూరియా ఎక్కువైతే జరిగేది ఇదేనని రైతుకు తెలుసు. ఊరిన గడ్డలో ఏముందో మాత్రం కాటాకు తెలియదు. ఎరువు మారితే గడ్డలోని ఖనిజాలు మారతాయి. దాని వెనక వందేళ్ల కథ ఉంది.

నెల్లూరు, ప్రకాశం తీరం వెంబడి ఇసుకలో దొరువులు తవ్వి, కుండలతో నీళ్లు పోసి పైర్లు పెంచిన రోజుల్లో నేలకు బలమంతా పశువుల పెంట, చెరువు పూడిక మట్టి, పొలంలో కట్టించిన గొర్రెల మంద. ఒంగోలు గిత్తలు, నెల్లూరు గొర్రెలు పుట్టిన సీమ ఇది. పెంటలో నత్రజనితో పాటు పొటాష్, జింకు, ఇనుము కొద్దికొద్దిగా ఉండేవి. పూడిక మట్టిలోని బంక వాటిని ఇసుకలోంచి జారిపోకుండా పట్టి ఉంచేది.

1906లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని రాణిపేటలో ఫాస్ఫరస్ ఇచ్చే రసాయన ఎరువు సూపర్ ఫాస్ఫేట్ తయారీ మొదలైంది. మరో ఇరవై ఏళ్లకు, 1926లో, నీలగిరుల్లోని కూనూరులో పోషణపై పరిశోధిస్తున్న బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెకారిసన్, వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త బి. విశ్వనాథ్ కలిసి పశువుల ఎరువుతో పండిన గింజ రసాయన ఎరువుతో పండినదానికన్నా పోషణలో మెరుగని ప్రకటించారు. వాళ్లు చూసింది చిరుధాన్యం, గోధుమ. దుంపల సంగతి వేరు, అక్కడే అసలు విషయం ఉంది.

గడ్డ మట్టిలోనే ఉన్నా మట్టిలోని కాల్షియం దానికి పెద్దగా దక్కదు. కాల్షియం నీటితో కలిసి ఆవిరి వదిలే ఆకులవైపు పోతుంది. అందుకే ముల్లంగి కన్నా ముల్లంగి ఆకులో కాల్షియం చాలా ఎక్కువ. ఆ ఆకు తుంచి పారేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పొటాష్ తీరు వేరు. ఆకులో తయారైన చక్కెరతో కలిసి అది కిందికి దిగి గడ్డలో చేరుతుంది. కనుక గడ్డ అమ్మిన ప్రతిసారీ పొలంలోని పొటాష్ బండెక్కిపోతుంది. దాన్ని తిరిగి వేయాల్సిందే, కానీ మోతాదు మించితే మెగ్నీషియం, కాల్షియం వేళ్లకు అందవు. ఫాస్ఫేట్ అతిగా పడితే జింకు తగ్గుతుంది, వేళ్లను అంటిపెట్టుకుని జింకు అందించే శిలీంధ్రమూ వెనక్కి తగ్గుతుంది. నత్రజనితో గడ్డ బరువు పెరిగినప్పుడు ఇనుము, జింకు ఆ వేగంతో చేరకపోతే, మజ్జిగలో నీళ్లు పోస్తే ఉప్పు చప్పబడినట్టు, ఖనిజాలు పలచబడతాయి. బీట్‌రూట్, ముల్లంగి లాంటి వాటిలో నైట్రేట్ కూడా పేరుకుంటుంది.

ఇక ధరల కథ. 1977 నుంచి ఎరువుల ధరను రాయితీతో అదుపులో ఉంచిన కేంద్రం 1992 ఆగస్టులో ఫాస్ఫేట్, పొటాష్ ఎరువులపై ఆ అదుపు తీసేసింది. వాటి ధర పెరిగింది. నత్రజని ఇచ్చే యూరియాను మాత్రం అదుపు నుంచి వదల్లేదు. దేశంలో 1991-92లో 5.9:2.4:1గా ఉన్న నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ వాడకం ఏడాది తిరక్కుండానే 9.5:3.2:1కి ఒరిగింది. 2010లో ఎరువులో ఉన్న పోషకాలను బట్టి ఇచ్చే రాయితీ వచ్చినప్పుడూ యూరియా దానికి బయటే ఉంది. పొటాష్ దాదాపు అంతా దిగుమతే. నా లెక్కలో ఈ ఒరుగుదల అందరికన్నా ముందు దెబ్బ తీసింది ఇసుకలో దుంప వేసే రైతునే. అతని పంటకు పొటాష్ ఎక్కువ కావాలి, అతని నేల దాన్ని నిలుపుకోలేదు.

తప్పంతా ఎరువుదే అనడం న్యాయం కాదు. 2004లో అమెరికాలో డొనాల్డ్ డేవిస్ బృందం 43 తోట పంటల 1950, 1999 నాటి పోషకాల పట్టికలను పోల్చి, కాల్షియం, ఫాస్ఫరస్, ఇనుము తగ్గాయని చూపింది. దానికి అధిక దిగుబడి కోసం మారిన రకాలే ముఖ్య కారణం కావచ్చంది. ఎరువు ఖనిజాన్ని పెంచగలదు కూడా. 1980ల నడుమ నుంచి ఫిన్లాండ్ ఎరువుల్లో సెలీనియం కలిపింది, జనం తిండిలో సెలీనియం పెరిగింది.

పొలం మట్టిని పరీక్షించి రైతుకు ఇచ్చే, 2015లో వచ్చిన భూసార కార్డులో 12 అంశాలున్నాయి, జింకు, బోరాన్‌తో సహా. ఇసుకలోంచి బోరాన్ వానకు ఇట్టే కొట్టుకుపోతుంది, అది లోపిస్తే చిలగడదుంప లోపల గోధుమరంగు మచ్చలు పడతాయి. కోసి చూస్తే కనబడే లోపం అది. జింకు తగ్గిన గడ్డ మాత్రం కోసినా మామూలుగానే ఉంటుంది, సంతలో అదే ధరకు అమ్ముడుపోతుంది.